ఎవరి కాలము, ఎవరి సంతకము: గోపన్‌పల్లి పరిసరములలో స్త్రీ స్వాతంత్ర్య చరిత్ర

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొని, గోపన్‌పల్లి యను గ్రామము కలదు. గ్రామమనుట పూర్వాభ్యాసము చేతనే గాని నేడది మహానగరములో కలిసిపోయిన పేట. ఒకప్పుడు జొన్నచేలును, పశువులు మేసెడి కంచలును, నల్లరాతి గుండ్లును మాత్రమే యుండిన ఆ నేలమీద ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంస్థల ప్రాంగణములును, ప్రహరీగోడల వెనుక బహుళాంతస్తుల నివాససౌధములును, ఆడపిల్లల హాస్టళ్లును, వాటన్నిటికిని పనివారినిచ్చు తండాయిండ్లును ఒకదానినొకటి ఒరసికొని యున్నవి. స్త్రీవిముక్తి సిద్ధాంతములను బోధించు విద్యాపీఠమొక వంకను, రాత్రివేళ కంప్యూటరు ముందు కూర్చుండి జీవిక సంపాదించు యువతి యొక వంకను, ఆమె యింట అంట్లు తోముటకై తెల్లవారుజామున బయలుదేరు స్త్రీ యొక వంకను, తండ్రిగారి పొలము అమ్మునప్పుడు సంతకమునకై పిలువబడు ఆడబిడ్డ మరొక వంకను ఒక్క క్రోసెడు దూరములో కానవచ్చు చోట్లు తెలుగుదేశమున తరచుగా దొరకవు. కావున స్వాతంత్ర్యమనగా నేమి, అది యెవరికి ఎంతవరకు లభించినది అను ప్రశ్నను నేలమీద నిలిచి విచారింపదలచిన వారికి ఈ గ్రామము తగిన స్థలము.

మన సంస్కర్తలు స్త్రీ స్వాతంత్ర్యమును చిరకాలము గడపతో కొలిచిరి. గడప దాటి బడికి పోయినది, గడప దాటి సభకు వచ్చినది, గడప దాటి ఉద్యోగము చేసినది అని వారు లెక్కించిన మెట్లన్నియు విలువగలవే. ఆ మెట్లు కట్టినవారి ఋణము మనకు తీరునది కాదు. అయినను తెలంగాణపు పొలములలో తరతరములుగా పాటుపడిన స్త్రీకి గడప ఎన్నడును హద్దు కాలేదు. ఆమె పుట్టుకతోనే వెలుపల నుండినది. ఆమెకు లేని అధికారములు రెండు: ఈ దినము నాదియని చెప్పుకొను అధికారమొకటి, తాను నాటి కోసిన నేలమీద తన పేరు వ్రాసికొను అధికారము రెండవది. కాలము, సంతకము అను నీ రెండింటితో కొలిచినప్పుడు మన చరిత్ర వేరొక రూపమున కనబడును. ఏ మెట్టు నిజముగా ఎక్కితిమో, ఏ మెట్టు ఎక్కితిమని భ్రమపడితిమో అప్పుడుగాని తెలియదు.

నిజాము రాజ్యమున ప్రభుత్వమునకు శిస్తు చెల్లించు దివానీ గ్రామములును, జాగీర్దారుల అధీనమందలి గ్రామములును, నిజాము స్వంతవ్యయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాస్ గ్రామములును ఉండెను. రాజధానిని చుట్టియుండిన అత్రాఫె బల్దా జిల్లా ఈ కడపటి కోవకు చెందినది. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగిన పిమ్మట, 1949 లో సర్ఫెఖాసు దివానీలో లీనమయ్యెను, జాగీర్దారీ రద్దయ్యెను. శిస్తు ఎవరి ఖజానాకు పోయినను, పల్లెలలోని శ్రమజీవుల కాలము మాత్రము వెట్టి యను వ్యవస్థకు తాకట్టుపడియుండెను. గడీలో దంపుట, విసరుట, వాకిళ్లు ఊడ్చుట, నీళ్లు మోయుట, బట్టలుతుకుట మొదలగు పనులలో అధికభాగము స్త్రీలవే. కబురు వచ్చిన క్షణమున సొంతపని విడిచి పోవలెను. తన మడి ఎండుచున్నను దొరగారి నాట్లే ముందు పడవలెను. గట్టుమీద చంటిబిడ్డ ఏడ్చుచున్నను నడుమెత్తుటకు సెలవు కావలెను. అప్పు క్రింద తండ్రి చేసిన ఊడిగము కొడుకునకు సంక్రమించు భాగేలా పద్ధతిని అదుపుచేయుటకు 1936 లో రాజ్యప్రభుత్వము ఒక నిబంధన చేసెను గాని, అది కచేరీ కాగితములు దాటి పొలములోనికి రాలేదు. దొరబిడ్డ అత్తవారింటికి పోవునప్పుడు అరణముతోపాటు పంపబడిన ఆడబాపకు కాలమే గాదు, దేహము కూడ తనది కాదు.

ఈ స్త్రీ ఘోషాలో లేదు. అంగడికి పోయినది, జాతరకు పోయినది, పదిమందిలో గొంతెత్తి మాటలాడినది. సంచారమే స్వాతంత్ర్యమైనచో ఆమె స్వతంత్రురాలే కావలసియుండెను. ఆమె దినములోని ఏ ఘడియ ఎవరి యాజ్ఞకు లోబడినదో చూచినప్పుడే ఆమె బంధనము కంటబడును.

ఇదే కాలమున నగరమునందు మరొక ప్రయత్నము సాగుచుండెను. బెంగాలునుండి వచ్చి హైదరాబాదులో విద్యావ్యాప్తికి పాటుపడిన అఘోరనాథ చట్టోపాధ్యాయుని ఇంట 1879 లో సరోజినీ నాయుడు జన్మించెను. ఆ కుటుంబము పేరున ప్రసిద్ధమైన గోల్డెన్ త్రెషోల్డ్ భవనమునందే, 1974 లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తన తొలి పాఠములు చెప్పి, పిదప గోపన్‌పల్లి పొరుగునకు తరలివచ్చినది. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార మహాసభకు, స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన ధోండో కేశవ కార్వే అధ్యక్షుడు. ఆ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. తెలంగాణమున భాషాభిమానమును, స్త్రీవిద్యాభిలాషయు ఒకే పందిరి క్రింద మేల్కొనుట మన చరిత్రలో గమనింపదగిన విశేషము. 1928 లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన బాలికా పాఠశాల తెలుగున బోధించినందున రాజ్యపు విశ్వవిద్యాలయముయొక్క గుర్తింపు దొరకక, కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో అనుబంధము పొంది నిలిచినది. తనకు చోటులేని యింట తన భాషకును చోటు లేకుండుట ఆ బాలికలకు ప్రత్యక్షముగా తెలిసినది.

1930 లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ కూడ జరిగెను. తరువాతి మహాసభలతోపాటు మహిళాసభలు కూడ సాగినవి. విద్య, వివాహవయస్సు, ఘోషానిర్మూలనము, వితంతువుల దుఃస్థితి ఆ యుగపు స్త్రీల సభలలో ముఖ్యముగా చర్చింపబడిన విషయములు. అంతకు చాల ముందే, 1901 లో, భండారు అచ్చమాంబ అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలువరించి, చదువుట మాత్రమే గాదు, చరిత్ర వ్రాయుట కూడ స్త్రీకి సాధ్యమని చూపియుండెను. ముప్పదియేండ్ల ప్రాయముననే కీర్తిశేషురాలైన ఆమె చేసిన పని సామాన్యము కాదు. తన జాతి గతమును తానే నిర్ణయించి చెప్పుట సంతకములలోకెల్ల మొదటి సంతకము. కాని ఈ సభలకు వచ్చిన స్త్రీలలో బహుసంఖ్యాకులు విద్యావంతుల కుటుంబములవారు. గడీ వాకిట ఊడ్చు స్త్రీ ఆ వేదికమీద అరుదుగా కనబడినది, ఆమె కాలము చర్చకు రాలేదు.

ఆ కొరత తీర్చినది పాలకుర్తి పొలము. చాకలి కులమున పుట్టిన ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి వద్ద నలుబది యెకరములు కౌలునకు తీసికొని అందులో కొంత సాగుచేసెను, పల్లెలలో సంఘమని పిలువబడిన ఆంధ్ర మహాసభలో చేరెను. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి అది సహింపరానిదయ్యెను. కౌలుదారు హోదా ఒక చాకలి స్త్రీకి దక్కుట, ఆమె తన గింజలను తన ఇంటికి చేర్చుకొనుట, పిలిచినప్పుడు గడీకి పోకుండుట, ఈ మూడును కలిసి ఆయన అధికారమును పునాదినుండి ప్రశ్నించినవి. కోతకు వచ్చిన పంటను ఎత్తుకొనిపోవుటకు ఆయన మనుషులు రాగా, సంఘము కార్యకర్తలు వారిని తరిమి, ధాన్యమును ఐలమ్మ ఇంటికి చేర్చిరి. 1946 జులై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు బలియగుటతో ఆ పోరాటము తెలంగాణపు పల్లెలలో వ్యాపించెను. ఐలమ్మ కోరినది సంచారస్వేచ్ఛ గాదు. నా పంట నాది, నా పొద్దు నాది అని చెప్పుకొను హక్కు. ఆ హక్కుకై ఆమె ఇల్లు తగులబడుటను కూడ సహించినది.

సాయుధపోరాటమున స్త్రీలు కబుర్లు మోసిరి, అన్నము వండి అడవులకు చేరవేసిరి, మల్లు స్వరాజ్యమువలె దళములకు నాయకత్వము వహించిరి. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. పురుషులు శాసనసభలకును పార్టీ కార్యాలయములకును మరలిరి. స్త్రీలలో అనేకులు వంటయిండ్లకు మరలవలసివచ్చెను. వారి పనిని చరిత్రగ్రంథములు త్యాగమని కొనియాడి ఒక పేరాలో ముగించినవి. త్యాగమను మాట గౌరవముగా వినబడినను, నిర్ణయించినదెవరు, వెల చెల్లించినదెవరు అను ప్రశ్నను అది మరుగుపరచును.

ఆ మరుగు తొలగించుటకు మూడు దశాబ్దములు పట్టినది. 1978 లో హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన యను బృందము ఏర్పడెను. అదే సంవత్సరము నగరములోని ఒక పోలీసు ఠాణాలో ఒక పేద ముస్లిము స్త్రీకి జరిగిన అత్యాచారమును, ఆమె భర్త మరణమును ప్రజలను వీధులలోనికి తెచ్చియుండెను. ఆ బృందమువారు పోరాటములో పాల్గొన్న స్త్రీల ఇండ్లకు పోయి, వారి మాటలను టేపులో ఎక్కించి, 1986 లో మనకు తెలియని మన చరిత్ర యను గ్రంథముగా ప్రకటించిరి. మూడేండ్లకు అది ఆంగ్లమున కూడ వెలువడెను. ఆ గ్రంథములో వారు అడిగిన ప్రశ్నలు సైనికచరిత్రకారుడు అడుగునవి కావు. అడవిలో ప్రసవమెట్లు జరిగినది, పసిబిడ్డ ఏడ్పు దళమునకు ప్రమాదమైనప్పుడు నీవేమి చేసితివి, తుపాకి క్రింద పెట్టిన మరునాడు నీ ఇంట నిన్నెట్లు చూచిరి అని అడిగిరి. కన్నబిడ్డను పరులకిచ్చి దళముతో సాగవలసివచ్చిన కమలమ్మ కథ అట్లు మనకు అందినది. విన్నవారు మాటలకు మెరుగుపెట్టలేదు. తడబాటును తడబాటుగనే, మౌనమును మౌనముగనే ముద్రించిరి. పాలకుర్తి ఐలమ్మయు, స్వరాజ్యమును, కొండపల్లి కోటేశ్వరమ్మయు తమ పేరులతో తమ మాటలు చెప్పుకొన్న ఆ పుటలు తెలుగున తత్త్వగ్రంథముగా కూడ చదువదగినవి. ఏలయన, పోరాటకాలమున తాము అనుభవించిన స్వాతంత్ర్యమెట్టిదో, దానిని పోగొట్టుకొనుట యెట్టిదో, రెండును తెలిసినవారు మాత్రమే చెప్పగల మాటలవి.

స్వాతంత్ర్యమును గూర్చి పాశ్చాత్యదేశములలో జరిగిన విచారము ఇచ్చట స్మరింపదగినది. అడ్డు లేకుండుటయే స్వాతంత్ర్యమని ఒక పక్షమువారును, తన జీవితమును తాను నడుపుకొను శక్తి కలుగుటయే స్వాతంత్ర్యమని మరొక పక్షమువారును వాదించిరి. 1792 లోనే మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ ఇంకొక మార్గము చూపెను: యజమాని దయాళువైనను, అతని యిచ్ఛమీద ఆధారపడి బ్రతుకుట స్వాతంత్ర్యము కాదని ఆమె వాదసారము. మంచి దొర, చెడ్డ దొర అని పల్లెలలో చెప్పుకొను భేదమును ఆ వాదముతో పోల్చి చూచినచో దాని బలము తెలియును. మంచి దొర పిలువకపోవచ్చును గాని, పిలుచునేమో యని చూచుచు బ్రతుకు స్త్రీకి ఆ ఖాళీ ఘడియ కూడ తనది కాదు. 1949 లో సిమోన్ ద బోవా స్త్రీ యొక స్వభావము కాదనియు, సంఘము తీర్చిన స్థితియనియు నిరూపించెను. తన స్వాతంత్ర్యమును కోరువాడు ఇతరుల స్వాతంత్ర్యమును కోరక తప్పదని అంతకు ముందే ఆమె నీతిశాస్త్ర విచారమున చెప్పియుండెను. ఈ కడపటి సూత్రము వినుటకు సులభము, ఆచరించుటకు కఠినము; గోపన్‌పల్లి కథ మన కాలమునకు వచ్చుకొలదిని ఆ కాఠిన్యమే బయటపడుచున్నది.

తెలుగు సాహిత్యమున ఈ విచారము 1980 తరువాతి దశాబ్దమున ప్రబలమయ్యెను. ఓల్గా 1987 నాటి స్వేచ్ఛ నవల, ఉద్యోగమును ఇష్టపడిన వివాహమును లభించిన యువతికి కూడ ఇంకను ఏదో కొరవడుట యెట్లో చిత్రించెను. 1993 లో నీలిమేఘాలు సంకలనము స్త్రీల కవిత్వమును ఒక్కచోటికి తెచ్చెను. 1985 లో స్థాపింపబడిన అన్వేషి పరిశోధన కేంద్రము ఆరోగ్యము, చట్టము, సాహిత్యము అను రంగములలో ఈ ప్రశ్నలను శాస్త్రీయముగా పరిశీలించెను. ఆపై దళిత స్త్రీలు ఎత్తిన ప్రశ్న మరింత లోతైనది: మీరు వంటయింటినుండి విముక్తి కోరుచున్నారు సరే, మీ వంటయింటిలోనికి మాకు ప్రవేశమే లేదు గదా, మీ వాకిలి ఊడ్చినది మేమే గదా అని వారడిగిరి. గోగు శ్యామల 2003 లో సంకలించిన నల్లపొద్దు దళిత స్త్రీల రచనలకు నిలువుటద్దము. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గమున దేవాదాయశాఖను నిర్వహించిన టి. ఎన్. సదాలక్ష్మి జీవితమును కూడ ఆమెయే గ్రంథస్థము చేసెను. ఈ ప్రశ్న అడుగబడిన పిదప స్త్రీ యను ఏకవచనముతో స్వాతంత్ర్యమును చర్చించుట అసాధ్యమైనది.

ఇంతలో గోపన్‌పల్లి నేలకు వెల వచ్చినది. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. దాని వెంట గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, నల్లగండ్ల, గోపన్‌పల్లి వరుసగా ఆ ప్రవాహములో చిక్కినవి. ఎకరము వందలలో, వేలలో పలికిన నేల కోట్లలో పలుకసాగెను. ఇచ్చట ఒక చట్టము కథ చెప్పవలసియున్నది. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మహక్కు కల్పించు సవరణను ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసినది. అది 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చెను. అప్పటికి వివాహమైన కుమార్తెలకు అది వర్తింపలేదు. కుమార్తెను సమభాగస్వామినిగా చేసిన మొదటి రాష్ట్రము మనదే. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటకములు తరువాత ఆ దారి పట్టినవి. కేంద్ర చట్టము 2005 లో గాని రాలేదు. తండ్రి ఆనాటికి జీవించియున్నాడా లేదా యను సంశయమును సుప్రీంకోర్టు 2020 లో గాని తీర్చలేదు.

చట్టము పుట్టినది గాని పల్లెలో అది చాల కాలము నిద్రించెను. వానకు వేచి జొన్న పండించు రెండెకరములలో భాగమడిగి అన్నతో వైరము తెచ్చుకొను ఆడబిడ్డ యెవతె? పెండ్లిలో పసుపుకుంకుమ క్రింద ఇచ్చిన తునకతో, కట్నముతో ఆమె లెక్క తీరినదని అందరును, ఆమెయును, భావించిరి. నేల కోట్లు పలికిన దినమున, కొనువారి వకీలు వంశవృక్షము అడిగెను. కుమార్తెల పేరులన్నియు వ్రాయుడనెను. వారి సంతకము లేక పత్రము నిలువదనెను. అప్పుడు ఇరువది యేండ్లక్రితము అత్తవారింటికి పోయిన బిడ్డకు కబురు వచ్చినది. సబ్ రిజిస్ట్రారు కచేరీ ముందు, చెట్టు క్రింద, డాక్యుమెంటు రైటరు బల్ల చుట్టును ఈ దృశ్యము ఈ ప్రాంతమున ఎన్ని మారులైనను చూడవచ్చును: అన్నదమ్ములు ఒక వైపు నిలిచి ఫోనులో మాటలాడుచుందురు, అక్కచెల్లెండ్రు కొంగు సవరించుకొని బల్లమీద కూర్చుందురు, వ్రాసిన పత్రమును ఎవరును చదివి వినిపింపరు, ఎక్కడ పెట్టవలెనో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి చూపుదురు, వేలిముద్ర యంత్రముమీద వేళ్లు ఆనింతురు, ఫొటో తీయించుకొందురు, హక్కు విడుదలయైపోవును. ప్రతిఫలముగా ఒకరికి కొంత సొమ్ము, ఒకరికి బంగారము, ఒకరికి చీర, సారె. అందరికిని ఇట్లే జరుగునని చెప్పుట అన్యాయము; సమభాగమిచ్చిన అన్నలు కలరు, కోర్టుకు పోయి సాధించుకొన్న చెల్లెండ్రు కలరు. కాని సంతకము పెట్టి వదులుకొన్నవారు బహుసంఖ్యాకులు.

వారు మోసపోయిరని తలచుట వారిని చిన్నచూపు చూచుటయే యగును. వారు లెక్క తెలిసినవారు. అడిగితే భూమి వచ్చును, కాని పుట్టింటి వాకిలి మూతపడును. రేపు భర్త కొట్టినను, తరిమినను, చనిపోయినను పోవుటకు మరొక నీడ లేదు. బతుకమ్మకు పిలుచువారు, బిడ్డ పెండ్లికి మేనమామ కట్నము తెచ్చువారు ఉండరు. ఈ రెండింటిని తూచి వారు పుట్టిల్లు కోరుకొందురు. చట్టము దృష్టిలో ఇది స్వేచ్ఛాసమ్మతి. తత్త్వదృష్టితో చూచినచో, ఒక హక్కును వాడుకొనుటకు తనకున్న ఒకే యాశ్రయమును వెలగా పెట్టవలసివచ్చినప్పుడు ఆ సమ్మతి స్వతంత్రము కాదు. అన్నకు అట్టి వెల లేదు. అతడు తన భాగము తీసికొన్నందున అతని పుట్టిల్లు అతనికి దూరము కాదు. ఎంపిక లుండుట మాత్రమే చాలదు, ఆ యెంపికలకు వెల సమానముగా నుండవలెను అను సత్యమును ఈ బల్లమీది పత్రము ఏ గ్రంథముకంటెను స్పష్టముగా బోధించుచున్నది.

సంతకమే లేని నష్టమొకటి కూడ కలదు. కంచలు ఎవరి పట్టాలోను లేవు. ఆ నేలలో మేకలు మేసినవి, పొయ్యిలోనికి కట్టెలు దొరికినవి, ఆశ్వయుజమున సీతాఫలములు కోసి గంపలకెత్తి నగరమున అమ్ముకొన్న స్త్రీలకు భర్త చేతికి పోని నాలుగు డబ్బులు దొరికినవి. విశ్వవిద్యాలయము విడిచిన గచ్చిబౌలి భూమికి ప్రతిగా ఈ గ్రామమున 397 ఎకరములను 2004 లో దానికి ఇచ్చితిమని రాష్ట్రప్రభుత్వము 2025 నాటి భూవివాదమున ప్రకటించినది. ప్రభుత్వమునకును సంస్థలకును నడుమ ఇట్లు చేతులుమారు భూమిలెక్కలలో కట్టెలేరుకొన్నవారి వరుస యుండదు. పహాణీలో లేని హక్కు పోయినప్పుడు దానికి పరిహారమడుగుటకైనను వీలుండదు.

ఇక నవనగరపు స్త్రీ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రాత్రివేళ స్త్రీలచే పనిచేయించుటను నిషేధించినది. దుకాణముల చట్టము కూడ అట్టి నియమమే పెట్టినది. సముద్రములకు ఆవలి దేశపు పగలు మన రాత్రి యైనందున, సాఫ్ట్‌వేర్ సంస్థలకు ప్రభుత్వము ఉత్తర్వులద్వారా మినహాయింపు లిచ్చెను. రాత్రి పనిచేసి, జీతము తన ఖాతాలో వేసికొని, తల్లిదండ్రులకు పంపి, తమ్ముని చదివించు యువతి మన చరిత్రలో నూతనవ్యక్తి. ఆమె సాధించినది తక్కువచేసి చెప్పతగదు. 2013 అక్టోబరులో ఒక ఉద్యోగినిపై క్యాబులో జరిగిన ఘోరము తరువాత రక్షణ గూర్చి గొప్ప ఆందోళన కలిగెను. 2014 అక్టోబరు 24 న పోలీసు శాఖలో షీ టీములు ఏర్పడెను. ఇవి కావలసినవే. కాని రక్షణ పేరున హాస్టలు వాకిట వచ్చిచేరిన పుస్తకమును గూర్చి యోచింపవలెను. రాత్రి ఇంత గంటకు గేటు మూయబడును. ఆలస్యమైనచో పేరు, వేళ, కారణము వ్రాసి సంతకము పెట్టవలెను. ఇంటికి ఫోను పోవును. పొలము పత్రముమీద అడుగబడు సంతకము ఆమె హక్కును తీసికొనుచున్నది. గేటు పుస్తకములోని సంతకము ఆమె కాలమును కాపలా కాయుచున్నది. సంతకము తనంతట తాను అధికారము కాదు. ఎవరి పుస్తకములో, ఎవరి ప్రశ్నకు సమాధానముగా అది పెట్టబడినదో దానినిబట్టి అది స్వామ్యమో దాస్యమో యగును. నేరము చేయువానిని కట్టడిచేయక, నేరమునకు గురియగు నామెను ఇంట నుంచుట ఘోషాకు మరొక పేరు మాత్రమే.

ఆ యువతి పెండ్లిచేసికొని పై యంతస్తులోని ఇంట కాపురము పెట్టినప్పుడు కథ బోవా చెప్పిన కాఠిన్యమునకు చేరును. ఆమెయును భర్తయును పది గంటలు పనిచేయుదురు. ఇల్లు ఊడువవలెను, అంట్లు తోమవలెను, బిడ్డను చూడవలెను. భర్త చేయవలసిన సగము పనిని భర్త చేయడు; ఆ సగము తండానుండి, బస్తీనుండి వచ్చు మరొక స్త్రీమీద పడును. ఆమె తెల్లవారకమునుపే తన ఇంట వంటచేసి, సౌధపు వెనుక గేటు కడ కార్డు చూపి, సంచి విప్పి చూపి, నాలుగైదిండ్లు తిరిగి, తన బిడ్డ బడినుండి వచ్చు వేళకు ఇల్లు చేరలేక పోవును. ఇచ్చట దొర లేడు, గడీ లేదు, జీతము కలదు, మానివేయు స్వేచ్ఛ కలదు. వెట్టితో దీనిని సమానము చేయుట అసత్యము. అయినను ఆదివారము నాదియని చెప్పు హక్కు, జ్వరము వచ్చిన దినమున జీతము కోతపడని హక్కు ఆమెకు ఇంకను స్థిరపడలేదు. 1963 లో బెట్టీ ఫ్రీడన్ అమెరికా గృహిణి విసుగును వర్ణించి ఉద్యోగమును మార్గముగా చూపగా, 1984 లో బెల్ హుక్స్ ఆమెను అడిగిన ప్రశ్న ఇదియే: ఆ గృహిణి బయటికి పోయినప్పుడు ఆమె యిల్లు చూచుకొను స్త్రీ విముక్తి మాటయేమి? గృహకార్మికుల హక్కుల కొరకు అంతర్జాతీయ కార్మికసంస్థ 2011 లో 189వ ఒడంబడికను ఆమోదించినది. భారతదేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు. పనిచోట లైంగికవేధింపులను నిషేధించిన 2013 నాటి చట్టము ఇంటిని కూడ పనిచోటుగా గుర్తించి, గృహకార్మికురాలికి జిల్లా స్థానిక సంఘమును ఆశ్రయించు దారి చూపినది. ఆ దారి యున్నదని ఆమెకు చెప్పినవారెందరు?

ఈ చరిత్రనుండి తేలు సిద్ధాంతము నాకు విస్పష్టము. స్వాతంత్ర్యము ఒక స్త్రీ తన సామర్థ్యముచేత ఒంటరిగా సంపాదించుకొను ఆభరణము కాదు. అది మనుష్యుల నడుమ నుండు ఒక సంబంధము. ఒకరి ఖాళీ ఘడియ మరొకరి నిద్రనుండి కోసి తెచ్చినదైనప్పుడు ఆ మొదటి స్త్రీకి లభించినది సౌకర్యము; దానికి స్వాతంత్ర్యమను పేరు తగదు. అట్లని ఉద్యోగిని ఉద్యోగము మానవలెనని గాని, పనిమనిషిని తీసివేయవలెనని గాని కాదు. అట్లు చేసినచో ఇద్దరును నష్టపడుదురు, ఇంటి పురుషుడొక్కడే యథాపూర్వముగా నుండును. కావలసినవి వేరు. ఇంటిపని ఇంట నుండు వారందరిదియు కావలెను. ఇంటికి వచ్చి పనిచేయు స్త్రీకి వారమున ఒక దినము, ఏటికి కొన్ని సెలవులు, వ్రాతపూర్వకమైన జీతనిర్ణయము సౌధసంఘములే నియమముగా పెట్టవలెను. ప్రవేశమునకు యాప్ పెట్టగలిగిన సంఘములకు ఇది అసాధ్యము కాదు. భూమిపత్రమున ఆడబిడ్డ హక్కు విడిచినప్పుడు ఆ పత్రమును ఆమెకు చదివి వినిపించి, అన్నదమ్ములు లేని గదిలో ఆమె సమ్మతి నడుగుట కచేరీ విధి కావలెను. భాగమడిగిన చెల్లెలిని బతుకమ్మకు పిలుచుట అన్నల ధర్మము కావలెను. ఇది చట్టము చేయలేని పని, మనము చేయవలసిన పని.

ఐలమ్మ పంట ఆమె ఇంటికి చేరినది ఆమె ధైర్యము వలన మాత్రమే గాదు. పదుగురు ఆమె పక్షమున పొలములో నిలిచినందున. చదువుకొన్న స్త్రీలు ఆ కథను గ్రంథస్థము చేసినందున అది మనకు మిగిలినది. ఆ యిరువురు స్త్రీల నడుమ, శ్రమించిన యామెకును విని వ్రాసిన యామెకును నడుమ, ఏర్పడిన ఆ బంధమే తెలుగుదేశమున స్త్రీవాద తత్త్వమునకు పునాది. గోపన్‌పల్లిలో ఒకే గేటుగుండ ఉదయము లోనికి వచ్చు స్త్రీకిని బయటికి పోవు స్త్రీకిని అట్టి బంధము కలుగనంతవరకు, వారిలో ఏ యొకరికిని స్వాతంత్ర్యము వచ్చినదని మనము వ్రాయరాదు.